నీళ్ళు మారితే జుట్టు ఊడుతుందా?

హైదరాబాదులో ఉన్నవాణ్ణి అడిగితే బోరు నీళ్ళంటాడు. బెంగుళూరులో ఉన్నవాణ్ణి అడిగితే ట్యాంకరు నీళ్ళంటాడు. డల్లాస్‌లో ఉన్నవాణ్ణి అడిగితే క్లోరిన్ నీళ్ళంటాడు. ఏ ఊరెళ్ళినా ముద్దాయి మాత్రం నీళ్ళే! మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక వారానికొక్కసారైనా ఈ పంచాయితీ జరుగుతుంది. నీళ్ళు కాకపోతే షాంపూ, షాంపూ కాకపోతే హెల్మెట్, హెల్మెట్ కాకపోతే ఏసీ, ఏదీ కుదరకపోతే డెడ్‌లైన్ టెన్షను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఇంకో కారణం చెప్తుంది: "తలకి నూనె పెట్టుకోవట్లేదు కదరా నాన్నా, వేడి చేసుంటుంది" అని.

వినడానికి సరదాగానే ఉంటుంది కానీ, జుట్టు ఊడేవాడికి ఇది సరదా కాదు. పాతికేళ్ళకే నుదురు వెనక్కి జరగడం మొదలైతే పెళ్ళి సంబంధాల ఫోటోలకి యాంగిల్ వెతుక్కోవాల్సొస్తుంది. నాకు తెలిసిన ఒకతను నూనెలకీ, ఇంటికి బిగించే నీళ్ళ ఫిల్టర్లకీ, ఒక క్లినిక్కు వాళ్ళ ప్యాకేజీకీ కలిపి రెండేళ్ళలో మంచి మోటారు సైకిలు కొనుక్కునేంత డబ్బు పోశాడు. ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఒంట్లో రక్తం తక్కువై జుట్టు రాలుతున్నా "ఈ ఊరి నీళ్ళు పడలేదు" అనుకుని ఏళ్ళ తరబడి పరీక్ష చేయించుకోనివాళ్ళున్నారు. కారణం తప్పు పడితే డబ్బే కాదు, టైమూ పోతుంది. అసలు జబ్బు దాక్కుంటుంది.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే బగ్ కనిపిస్తే దాని మూలం ఎక్కడుందో చూడందే నిద్రపట్టని జబ్బు మన జాతి మొత్తానికీ ఉంటుంది కదా. అందుకని జుట్టు ఊడటానికి, చుండ్రుకి, మొటిమలకి కారణాలని మనుషులు ఎప్పుడు, ఎలా కనిపెట్టారో కాస్త చదివాను. చదివేకొద్దీ జుట్టు సంగతి కంటే మనుషుల సంగతి ఎక్కువ తెలిసింది.

బట్టతల బాధ కొత్తదేం కాదు. ఈజిప్టులో దొరికిన ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథం సుమారు క్రీ.పూ. 1550 నాటిది. అందులో బట్టతలకి మందుంది. సింహం, నీటిగుర్రం, మొసలి, పిల్లి, పాము, అడవిమేక... వీటన్నిటి కొవ్వూ కలిపి రాయమన్నారు. ఇవ్వాళ టీవీలో "పద్దెనిమిది మూలికలతో చేసిన" అని చెప్పే నూనెకీ దీనికీ సూత్రంలో పెద్ద తేడా లేదు. దొరకడం ఎంత కష్టమైతే మందు మీద నమ్మకం అంత ఎక్కువ. జూలియస్ సీజర్‌కి సెనేటు ఇచ్చిన గౌరవాలన్నిటిలోకీ ఎప్పుడూ తలమీద ఆకుల కిరీటం పెట్టుకునే హక్కంటేనే ఎక్కువ ఇష్టమని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. కారణం మీకు తెలిసిందే :)

అసలు క్లూ మాత్రం దాదాపు 2400 ఏళ్ళ క్రితమే దొరికింది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుమీద ఉన్న సూత్రాల్లో ఒకటి, వృషణాలు తీసేసిన మగవాళ్ళకి బట్టతల రాదు అంటుంది. ఆ తర్వాత అరిస్టాటిల్ కూడా అదే మాట రాశాడు. రాజుల అంతఃపురాల్లో కాపలాకి అలాంటి మగవాళ్ళని పెట్టుకునే రోజులవి కాబట్టి చూసినవాళ్ళకి ఆ తేడా కనపడింది. పరిశీలన నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. కానీ వివరణ? ఒంట్లో వేడి, చల్లదనం, తేమ అంటూ అప్పటి సిద్ధాంతంలోకి దాన్ని ఇరికించేశారు. లాగ్ ఫైల్లో ఎర్రర్ లైను స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. రెండువేల ఏళ్ళకి పైగా దాన్ని సరిగ్గా చదివినవాడు లేడు.

మధ్యలో ఏం జరిగిందన్నది ఇంకా తమాషాగా ఉంటుంది. ఏ కాలంలో ఏది ఫ్యాషనైతే జుట్టు ఊడటానికి అదే కారణమైంది. 19వ శతాబ్దం చివర్లో లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్‌ల పుణ్యమా అని ప్రతి జబ్బుకీ ఒక సూక్ష్మజీవిని వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు పారిస్‌లో రేమండ్ సబురో అనే చర్మవైద్యుడు బట్టతలకీ ఒక బాక్టీరియా కారణమని ప్రతిపాదించాడు. సబురో ఆషామాషీ మనిషేం కాదు. తామర లాంటి ఫంగస్ జబ్బుల మీద ఆయన చేసిన పని గొప్పది, ఫంగస్ పెంచే ఒక మీడియం ఇవ్వాళ్టికీ లాబుల్లో ఆయన పేరుతోనే ఉంది. కానీ బట్టతల విషయంలో గురి తప్పింది. ఇంకేముంది, మంగలి షాపు దువ్వెన వల్ల బట్టతల అంటుకుంటుందని జనం భయపడ్డారు. అమెరికాలో న్యూబ్రోస్ హెర్పిసైడ్ అనే సీసా మందు, చుండ్రు క్రిమిని చంపి జుట్టు నిలబెడతానని పత్రికల నిండా ప్రకటనలిచ్చి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

ఇంకో వర్గం టోపీల మీద పడింది. అప్పట్లో దొరలందరూ బిగుతు టోపీలు పెట్టుకునేవాళ్ళు. టోపీ అంచు రక్తనాళాలని నొక్కేస్తుంది, మాడుకి రక్తం అందదు, అందుకే జుట్టు పోతుంది అని వాదన. మన హెల్మెట్ సిద్ధాంతం దీనికి మునిమనవడన్న మాట.

సరే, అసలు విషయానికొద్దాం. 1942లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శరీరశాస్త్ర నిపుణుడు ఒక పేపరు అచ్చువేశాడు. వృషణాలు పనిచెయ్యని లేదా తీసేసిన 104 మంది మగవాళ్ళని పరిశీలించి రాసిన పేపరది. యవ్వనం రాకముందే వృషణాలు పోయినవాళ్ళకి వయసు మీదపడినా బట్టతల లేదు. హిపోక్రటీస్ చెప్పిందే. కానీ హామిల్టన్ అక్కడితో ఆగలేదు. వాళ్ళలో కొందరికి టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశాడు. కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్ళకి జుట్టు ఊడటం మొదలైంది. ఆపేస్తే ఊడటం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. కుటుంబంలో బట్టతల లేనివాళ్ళకి అదే హార్మోన్ ఇచ్చినా అలా జరగలేదు.

దీన్ని మన భాషలో చెప్పుకుంటే రెండు షరతుల మధ్య "అండ్" ఉంది. హార్మోన్ ఉండాలి, వంశంలో గుణమూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా బట్టతల రాదు. ఇందులో నీళ్ళకి చోటెక్కడుంది?

ఇంకా మిగిలిన అనుమానం తీర్చింది న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఓరెంట్రైక్. 1950లలో ఆయన తల వెనకభాగం నుంచి చిన్నచిన్న చర్మపు ముక్కలు తీసి ముందున్న బట్టతల మీద నాటాడు. ఆ వెంట్రుకలు కొత్తచోట కూడా మామూలుగా పెరుగుతూనే ఉన్నాయి. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇవ్వాళ జరిగే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. దీనర్థం ఏంటంటే, కుదురు ఏ చోట నుంచి వచ్చిందో ఆ చోటు గుణాన్నే మోసుకెళ్తుంది. చుట్టూ ఉన్న రక్తం, పైన పోసే నీళ్ళు, పెట్టుకునే హెల్మెట్ అవే ఉన్నా!

నీళ్ళ సిద్ధాంతానికి నా దృష్టిలో ఇదే పెద్ద దెబ్బ. స్నానం చేసేటప్పుడు నీళ్ళు తలంతా పోసుకుంటాం కదా. మరి చెవుల పైన, మెడ వెనకాల జుట్టు అరవయ్యేళ్ళొచ్చినా దట్టంగా ఎందుకుంటుంది? బోరు నీళ్ళు నుదుటి పైనా, నడినెత్తినా చూసి పడతాయా? మీరే చెప్పండి.

హార్మోన్ ఏం చేస్తుందో తేలడానికి ఇంకో మలుపు కావాల్సొచ్చింది. అది కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశంలో దొరికింది. అక్కడ సలీనాస్ అనే పల్లెలో కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించేవాళ్ళు, ఆడపిల్లలుగానే పెరిగేవాళ్ళు. పన్నెండేళ్ళొచ్చేసరికి గొంతు మారి, కండలొచ్చి మగవాళ్ళయ్యేవాళ్ళు. జూలియన్ ఇంపెరాటో-మెగిన్లీ అనే డాక్టరమ్మ, ఆవిడ సహచరులు అక్కడికెళ్ళి పరిశోధించి 1974లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వాళ్ళ ఒంట్లో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. దాన్ని డైహైడ్రో టెస్టోస్టిరాన్, అంటే పొట్టిగా డీహెచ్‌టీ, అనే ఇంకా ఘాటైన రూపంలోకి మార్చే ఎంజైము మాత్రం లోపించింది. గర్భంలో మగ అవయవాలు తయారవడానికి ఈ డీహెచ్‌టీ కావాలి. అది లేక అలా పుట్టారు. పెద్దయ్యాక వాళ్ళకి ప్రోస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండిపోయింది, గడ్డం పలచన, నుదుటి మీద జుట్టు మాత్రం వెనక్కి జరగలేదు.

మెర్క్ కంపెనీ ఈ వార్త పట్టుకుంది. ఆ ఎంజైముని ఆపే మందు చేస్తే ముసలితనంలో ప్రోస్టేట్ వాపుకి పనికొస్తుందనుకున్నారు. అలా పుట్టిందే ఫినాస్టెరైడ్. 1992లో ప్రోస్టేట్‌కి 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంకో మందు మినాక్సిడిల్ కథ కూడా ఇలాంటిదే. అది 1979లో అధిక రక్తపోటు మాత్రగా వచ్చింది. వేసుకున్నవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు మొలవడం మొదలైంది. సైడ్ ఎఫెక్టునే ప్రోడక్టు చేసి 1988లో తలకి రాసుకునే మందుగా అమ్మారు. బగ్‌ని ఫీచర్ అనడం మన దగ్గరే పుట్టిందనుకుంటాం కానీ, ఫార్మా వాళ్ళు మనకంటే ముందున్నారు.

ఇవి పనిచేసే మందులే. కానీ వాడినంతకాలమే పనిచేస్తాయి. ఫినాస్టెరైడ్ వల్ల కొంతమందిలో లైంగిక సమస్యలు రావచ్చని, మానసికంగా కుంగుబాటు రావచ్చని కంపెనీ కాగితం మీదే ఉంటుంది. గర్భవతులు దాని పగిలిన మాత్రని ముట్టుకోకూడదు. ఎందుకో పైన చెప్పిన పల్లె కథ చదివితే మీకే అర్థమవుతుంది. పక్క క్యూబికల్ వాడు చెప్పాడని మెడికల్ షాపులో కొనే వస్తువు కాదది.

మరి వంశం సంగతేంటి? "మేనమామ పోలిక" అని మన ఇళ్ళల్లో అంటుంటారు. అందులో కొంత నిజముంది. హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ జీన్ ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. బట్టతలతో ఆ జీన్ సంబంధం 2001లో తేలింది. కానీ అదొక్కటే కాదు. 2017లో బ్రిటన్‌లో 52 వేలకి పైగా మగవాళ్ళ డీఎన్ఏ చూసిన అధ్యయనంలో బట్టతలతో సంబంధమున్న చోట్లు 280కి పైగా బయటపడ్డాయి. చాలావరకు ఎక్స్ బయటే, అంటే తండ్రి నుంచి కూడా రావచ్చు. కాబట్టి తాతయ్యలిద్దరూ, నాన్నా, మేనమామా అందరూ వాటాదారులే. ఒక్కణ్ణే తిట్టుకోవడం అన్యాయం :)

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. "అన్నా, నువ్వు ఎన్నైనా చెప్పు, నేను బెంగుళూరొచ్చిన మూడు నెలలకి నా జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడింది. కళ్ళారా చూశా" అని. అతను చూసింది అబద్ధం కాదు. ఆ మూడు నెలల్లోనే సమాధానముంది.

వెంట్రుక నిరంతరం పెరగదు. రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, రెండుమూడు వారాలు సర్దుకుంటుంది, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటే రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఒంటికి గట్టి దెబ్బ తగిలితే, అంటే తీవ్రమైన జ్వరమో, ఆపరేషనో, కాన్పో, ఒక్కసారిగా బరువు తగ్గడమో జరిగితే, పెరుగుతున్న కుదుళ్ళు చాలావరకు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అవన్నీ రెండుమూడు నెలల తర్వాత కలిసికట్టుగా రాలతాయి. ఫిలడెల్ఫియా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ 1961లో దీనికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. 2020, 2021లలో కోవిడ్ వచ్చి తగ్గిన రెండుమూడు నెలలకి ఎంతమందికి దువ్వెన నిండా జుట్టొచ్చిందో గుర్తుందా? అదే ఇది. మామూలుగా ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు మన కుర్రాడి కేసు చూడండి. చివరి సెమిస్టరు, ప్రాజెక్టు, ఇంటర్వ్యూల టెన్షను, మధ్యలో ఒక టైఫాయిడో డెంగీయో, హాస్టలు తిండి, ఆరేడు కిలోలు తగ్గడం. ఆ తర్వాత ఉద్యోగం, కొత్త ఊరు. మూడు నెలలకి జుట్టు. కారణం మార్చిలో జరిగింది, లక్షణం జూన్లో కనపడింది, మధ్యలో ఏప్రిల్లో మారిన నీళ్ళు దొరికిపోయాయి! ప్రొడక్షన్ పడిపోగానే చివర చెకిన్ చేసినవాడి మీద పడటం లాంటిదే ఇది. పైగా మగవాళ్ళకి వంశపారంపర్య బట్టతల బయటపడేది కూడా ఇరవై దాటాకే, అంటే సరిగ్గా ఊరొదిలి ఉద్యోగాలకి బయల్దేరే వయసు. ఊళ్ళోనే ఉండిపోయిన అన్నకి కూడా ఊడుతుంది. కానీ అతను చెరువు నీళ్ళని తిట్టడు, ఎందుకంటే అతని నీళ్ళు మారలేదు కాబట్టి.

ఉప్పునీళ్ళు అసలేమీ చెయ్యవని నేననట్లేదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు నురగరాదు, తెట్టు కడుతుంది, జుట్టు గరుకుగా ఉంటుంది. 2013లో కోయంబత్తూరు డాక్టర్లు 15 మంది జుట్టుని కొంత ఉప్పునీళ్ళలో, కొంత శుద్ధిచేసిన నీళ్ళలో నానబెట్టి బలం కొలిస్తే పెద్ద తేడా రాలేదు. 2018లో పాకిస్తాన్‌లో చేసిన అలాంటి ప్రయోగంలో కాస్త బలహీనమైనట్టు తేలింది. ఏదైనా ఆ గొడవంతా వెంట్రుక పోగు గురించే, కుదురు గురించి కాదు. పోగు తెగడం వేరు, కుదురుతో ఊడటం వేరు. రాలిన వెంట్రుక చివర తెల్లటి చిన్న గుండు ఉందా లేదా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

అమ్మ చెప్పే నూనె సంగతీ అంతే. మన దేశంలో కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీలో పనిచేసే ఇద్దరు 2003లో అచ్చువేసిన పేపర్లో కొబ్బరినూనె పోగులోకి ఇంకి, తలంటుకున్నప్పుడు ప్రోటీన్ పోకుండా కాస్త కాపాడుతుందని చూపించారు. అమ్మే కంపెనీ వాళ్ళే చేసిన పని అని గుర్తుపెట్టుకుంటూనే ఒప్పుకుందాం. పోగుకి మేలే. కానీ కుదురుకి మందు కాదు.

పైగా చుండ్రు ఉన్నవాళ్ళకి ఇక్కడో తిరకాసుంది. 1874లో లూయీ-షార్ల్ మలాసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చుండ్రు పొట్టులో ఈస్టులాంటి ఫంగస్‌ని చూశాడు. ఆయన పేరు మీదే దాన్ని మలసీజియా అంటారు. అది అందరి తలమీదా ఉంటుంది కదా, కారణమెలా అవుతుందని వందేళ్ళు వాదించుకున్నారు. చుండ్రులో పొట్టు ఎక్కువ కాబట్టి ఫంగస్ అక్కడ పెరుగుతుంది, అంటే అది కారణం కాదు ఫలితం, అని 1970లలో క్లిగ్మన్ బృందం వాదించింది. 1984లో బ్రిటన్‌లో శామ్ షూస్టర్ ఆ వాదన తిరగేశాడు. ఫంగస్‌ని చంపే మందు వాడితే చుండ్రు పోతోంది, ఫంగస్ తిరిగొస్తే చుండ్రు తిరిగొస్తోంది. 2007లో ఈ ఫంగస్ జీనోమ్ చదివితే దానికి సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే ఎంజైమే లేదని తేలింది. అంటే మన తలమీద జిడ్డు తిని బతుకుతుంది. తిన్నాక మిగిలే ఓలియిక్ ఆమ్లం కొందరి చర్మానికి పడదు, దురద, పొట్టు. కాబట్టి చుండ్రున్న మాడుకి రాత్రంతా నూనె పట్టించి పడుకుంటే ఎవరికి భోజనం పెట్టినట్టో ఆలోచించుకోండి. ఇక్కడ నేను అమ్మ పక్షం కాదు.

షాంపూ మాట విదేశీదనుకుంటాం కానీ, అదీ మనదే. హిందీలో చాంప్‌నా అంటే ఒత్తడం, మర్దన చెయ్యడం. పాట్నా నుంచి వెళ్ళిన షేక్ దీన్ మహమ్మద్ 1814 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రైటన్లో ఆవిరి స్నానాలశాల పెట్టి దొరలకి మర్దన చేసి, చివరికి రాజుగారి షాంపూయింగ్ సర్జన్ అయ్యాడు. తల రుద్దుకునే సబ్బుకి ఆ పేరు తర్వాత్తర్వాత వచ్చింది. మన కుంకుడుకాయలో ఉండే సాపోనిన్ చేసేదీ సబ్బు పనే. ఏదైనా జిడ్డు పోవడం ముఖ్యం.

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. నడినెత్తిన పాపిడి వెడల్పవుతూ పోయే రకం ఒకటుంది, 1977లో లుడ్విగ్ అనే డాక్టరు దాన్ని మూడు దశలుగా వర్గీకరించాడు. కానీ డాక్టర్లు అంతకంటే ముందు అడిగేవి వేరే: రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఎలా ఉంది, నెలసరి సరిగ్గా వస్తోందా, ఈమధ్య కాన్పయిందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత పెద్ద కారణం ఎదురుగా ఉంటే మనం ఇంటి పైకప్పు మీద ట్యాంకులో వెతుకుతున్నాం. బిగించి లాగి వేసే జడ కూడా చెవుల పక్కనుంచి జుట్టు పోవడానికి కారణం కావచ్చు. 1907లోనే గ్రీన్లాండు ఆడవాళ్ళలో దీన్ని గమనించి రాశారు.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకం గురించి కూడా ఒక మాట. 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నలుగురు మగవాళ్ళకి గడ్డం గీయించి, వెంట్రుకల మందం, పెరిగే వేగం కొలిచి చూసింది. ఏ మార్పూ లేదు. మొద్దుగా తెగిన కొన చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. తిరుపతి వెళ్ళి తలనీలాలు మొక్కుగా ఇవ్వండి, జుట్టుకి వైద్యంగా కాదు.

పైన రెండుసార్లు వచ్చిన క్లిగ్మన్ పేరు మీద ఒక్క నిమిషం ఆగాలి. మొటిమల కథలో కూడా ఆయనే ఉన్నాడు. చాక్లెట్ తింటే మొటిమలొస్తాయా అని 1969లో ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్మన్ ఒక ప్రయోగం అచ్చువేశారు. 65 మందికి చాక్లెట్, లేదా చాక్లెట్ లేని నకిలీ బిళ్ళ ఇచ్చి, తేడా లేదన్నారు. దశాబ్దాలపాటు తిండికీ మొటిమలకీ సంబంధం లేదని పాఠ్యపుస్తకాల్లో చెప్పడానికి ఇదొక ఆధారమైంది. కానీ ఆ నకిలీ బిళ్ళలోనూ చక్కెర, కొవ్వు అంతే ఉన్నాయి! సాయం చేసింది చాక్లెట్ తయారీదార్ల సంఘం. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది కుర్రాళ్ళ మీద చేసిన ప్రయోగంలో, రక్తంలో చక్కెరని గబుక్కున పెంచని తిండి తిన్నవాళ్ళకి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అంటే మా అమ్మమ్మ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు, కాకపోతే ఆవిడ నూనెని తిట్టింది, చక్కెరని వదిలేసింది.

ఇంతకీ ఆ 65 మంది ఎవరు? 35 మంది ఖైదీలు. ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 దాకా క్లిగ్మన్ ఆధ్వర్యంలో ప్రయోగాలు జరిగాయి. ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. కొన్ని డాలర్లిచ్చి వాళ్ళ వీపుల మీద క్రీములు, పౌడర్లు, షాంపూలు, రసాయనాలు పరీక్షించారు. డయాక్సిన్ అనే విషం కూడా పూశారు. ఏం పూస్తున్నారో చాలామందికి సరిగ్గా చెప్పలేదు. 1998లో అలెన్ హార్న్‌బ్లమ్ రాసిన "ఏకర్స్ ఆఫ్ స్కిన్" పుస్తకంతో ఇదంతా లోకానికి తెలిసింది. అక్కడి యూనివర్సిటీ వైద్యకళాశాల 2021లో, నగర ప్రభుత్వం 2022లో క్షమాపణ చెప్పాయి. క్లిగ్మన్ 2010లోనే పోయాడు. మొటిమలకి రాసుకునే ట్రెటినాయిన్ క్రీము ఆయన పనే. మీలో ఎంతమంది బాత్రూమ్ అలమరలో ఆ ట్యూబు ఉందో!

నాకైతే ఈ చరిత్రలో మింగుడుపడనిది ఇదే. జుట్టు గురించి, చర్మం గురించి మనకి ఖాయంగా తెలిసిన నాలుగు ముక్కలూ ఊరికే రాలేదు. వృషణాలు పోగొట్టుకున్న మగవాళ్ళు, డొమినికన్ పల్లెలో ఊరంతా వింతగా చూసిన పిల్లలు, జైల్లో నాలుగు డాలర్ల కోసం వీపు అప్పగించిన ఖైదీలు... వాళ్ళ ఒళ్ళ మీద రాసిన పాఠాలివి. అంత ఖరీదు పెట్టి కనుక్కున్న సంగతిని పక్కనపెట్టి, మనం ఇంకా సింహం కొవ్వు, మొసలి కొవ్వు కొంటున్నాం. సీసా మీద పేరు మారిందంతే.

కాబట్టి జుట్టు రాలుతోందని భయమేస్తే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తల మొత్తం రాలుతోందా, లేక నుదురు, నడినెత్తి మాత్రమేనా? మూడు నెలల కిందట ఒంటికి ఏమైంది? ఇంట్లో ఎవరెవరికి బట్టతల ఉంది? రక్తం, థైరాయిడ్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? ఈ నాలుగు జవాబులూ కాగితం మీద రాసుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికెళ్ళండి. ప్యాకేజీ అమ్మేవాడి దగ్గరికి కాదు. ఆడవాళ్ళయితే ఆ నాలుగో ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఇక ఇవేవీ కాక వంశపారంపర్యమే అని తేలితే, మందు వాడటమో మానడమో మీ ఇష్టం. బట్టతల జబ్బు కాదు. ఆ మాట సంబంధాలు చూసే పెద్దవాళ్ళకి కూడా ఎవరైనా చెప్తే బాగుణ్ణు.